పదిహేడో మేకు

సంచిలో అన్నిటికంటే ముందు కోటు పెట్టింది మా వదిన. పెట్టిన కోటును మళ్లీ బయటికి తీసింది. మంచం మీద పరిచి, చేతులు రెండూ లోపలికి మడిచి, కాలర్ నలగకుండా ఒక పాత గుడ్డ చుట్టి, మళ్లీ పెట్టింది. ఆ తర్వాత ఒక దువ్వెన, రెండు చొక్కాలు, తువ్వాలు పెట్టింది. అన్నీ మా అన్నయ్యవే. తన బట్టలు ఒక్కటీ పెట్టుకోలేదు.

"నీవేవి వదినా?" అన్నాను.

"నాకెందుకే? పొద్దున పోయి సాయంత్రానికి మీ అన్న చెవి పట్టుకుని దింపుకొస్తాంగా."

ఆ కోటుకు కొత్త అస్తరు వేయించమని అన్నయ్యే కొండ మీదినుంచి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాడు. వేయించేదేమిటి, వేసేది వదినే. వీధి మలుపులో ఒక్క గది కొట్టు ఆమెది. మిషను ఆమె కుట్టేది, పక్కనే పీట మీద కూర్చుని నేను కాజాలు కుట్టేదాన్ని. పాత అస్తరు విప్పిన రోజున జేబు చిల్లులోంచి జారి లోపల ఇరుక్కున్నవన్నీ బల్ల మీద రాలాయి. రెండు బొత్తాలు, ఒక విరిగిన పెన్సిలు, ఒక ఇత్తడి బిళ్ల. బిళ్ల మీద పదిహేడు అంకె, పైన చిన్న రంధ్రం. అదేమిటో మాకు తెలియలేదు.

"ఏ తాళానిదో అయ్యుంటుంది. దాని కోసం గదంతా తిరగేసుంటాడు పాపం" అని వదిన నవ్వి, దాన్ని బూడిదతో తోమి, మెరిసేదాకా తుడిచి, తన చిన్న పర్సులో వేసుకుంది. ఇప్పుడు ఆ పర్సును కోటు కిందికి దూర్చి సంచి మూతి బిగించింది.

అన్నయ్య ఆ కొండ మీది ఊళ్లో తోటల పనికి కుదిరి అప్పటికి కొన్ని వారాలు. పాతకాలపు రాజులు వేసవి గడపడానికి కట్టుకున్న ఊరు అది. మూడు మేడలు, వాటి కింద అంచెలంచెలుగా తోటలు, తోటల నిండా ఫౌంటెన్లు. ఎండలు ముదిరితే దేశదేశాల జనం చూడ్డానికి వస్తారు. ఆ ఫౌంటెన్లకు నీళ్లు తోటల అడుగునున్న ఇటుకల సొరంగాల్లోంచి వస్తాయట. వాటిలో పేరుకున్న ఆకూ బురదా తెల్లవారుజామున లోపలికి పాకిపోయి తీయాలి. జనం వచ్చే వేళకు నీళ్లు వదులుతారు. మా అన్నయ్య సన్నగా ఉంటాడు కనక అందరికంటే ఇరుకైన సొరంగం అతనికిచ్చారు. "తిండి తినని వాడికి కూడా ఒక పని దొరికింది" అని అమ్మ సంతోషపడింది.

సంచి సర్దిన ఆ పూటే ఉన్నట్టుండి డ్రైవరు కొట్టు ముందు బస్సు ఆపి కిటికీలోంచి అడిగాడు.

"అమ్మా, మీ ఆయన ఎప్పుడొస్తాడో కనుక్కురమ్మన్నాడు, అక్కడ గదిలో ఉండే పొడుగాయన. పోతూ పోతూ ఆయన టార్చిలైటు కూడా పట్టుకొచ్చేశాడంట."

"ఎక్కడికి పట్టుకొచ్చాడు?" అంది వదిన.

"ఇంటికే."

"ఏ ఇంటికి?"

డ్రైవరు వదిన మొహం చూసి, ఇంజను ఆపేశాడు.

అందుకే సంచి. వదినకు చదవడం రాదు. నేను బడికి పోలేదు గానీ, కొట్టుకు పొట్లాలుగా వచ్చే పాత పేపర్లు విప్పి, అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నాను. కొత్త ఊళ్లో బోర్డులు చదవడానికి మనిషి కావాలి కదా అని నన్ను తోడు పంపారు. అమ్మకు మోకాళ్లు వంగవు. గడప దగ్గర కూర్చుని మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"దొరకగానే తిట్టకండి. ముందు ఏదన్నా తినిపించండి" అంది. వదిన మెట్టు దిగాక నా కొంగు పట్టుకుని లాగి, "వదిన చెయ్యి వదలకు" అంది చిన్నగా.

ఇప్పటికీ ఎవరన్నా ఇంట్లో సంచి సర్దుతుంటే నేను లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడతాను. వాళ్లు పక్కవీధికి పోతున్నా సరే.

బస్సులో డ్రైవరు తన వెనక సీటే ఇచ్చాడు. మా మనసు మళ్లించాలని కాబోలు, అద్దంలోంచి చూస్తూ, "వదినా మరదళ్లు ఒకే సీట్లో! కొండ ఎక్కేలోపు జుట్లు పట్టుకోరు కదా?" అన్నాడు.

"మా జుట్లు ఇంట్లోనే అయిపోయాయి. నువ్వు రోడ్డు చూడు నాయనా" అంది వదిన. బస్సంతా నవ్వింది. ఆమె సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పొదివి పట్టుకుంది.

మలుపులు మొదలయ్యాయి. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. వదిన నా చెవి దగ్గరికి వంగింది.

"మీ అన్న ఎవతెనో తగులుకున్నాడు."

"ఛ! అన్నయ్యా?"

"ఎందుకు కాకూడదూ? ముక్కూ మొహం బాగానే ఉంటాయిగా. నవ్వితే ఇంకాస్త బాగుంటాడు. ఎవతో ఒకతి చూసుంటుంది. ఇంటికి పోతున్నా అని చెప్పి దాని ఇంటికి పోయుంటాడు. అంతే అయ్యుండాలి."

నేను కిటికీ చువ్వ పట్టుకున్నాను.

"అంతే కదే? అంతకంటే ఇంకేముంటుంది చెప్పు."

ఆమె నా వైపు చూసిన చూపు నాకు అప్పుడు అర్థమైంది. మొగుడు తప్పు చేశాడని నా నోటితో అనమని బతిమాలుతోంది ఆమె.

"అంతే వదినా" అన్నాను.

"దొరకనీ. ముందు కోటు తొడుగుతా, చలికి వణుకుతుంటాడు. తొడిగాక తంతా."

కొండ మీద గాలి మారిపోయింది. రాతిపలకల కప్పులున్న ఇరుకు వీధులు, ప్రతి కిటికీకీ పూలకుండీలు, చేతుల్లో కెమెరాలతో జనం. తలెత్తితే మూడు మేడలూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టు కనిపించాయి. తోటల గోడ వెనక ఒకప్పటి గుర్రాల కొట్టాలను పనివాళ్లకు గదులు చేశారు. పొడుగాయన తలుపులోంచి తల వంచుకుని బయటికొచ్చాడు. నిజంగా పొడుగే. మమ్మల్ని చూడగానే ఆయన మొహం వికసించింది.

"అక్కా! వచ్చారా? అన్నేడీ? నా టార్చి తెచ్చాడా?"

వదిన తల అడ్డంగా ఊపింది. ఆయన మా వెనక్కి చూశాడు. ఇంకా ఎవరో దిగాల్సి ఉన్నట్టు చాలాసేపు చూశాడు.

"ఇంటికి రాలేదు" అన్నాను నేను.

"రాకపోవడమేంటి? కోటు కూడా తీసుకుపోయాడుగా."

"కోటు పంపాడు. మనిషి రాలేదు" అంది వదిన.

గదిలో అన్నయ్య పరుపు చుట్టి గోడకు ఆనించి ఉంది. పైన పాత చొక్కా, కింద చెప్పులు. "చెప్పులు ఇక్కడే ఉన్నాయే" అంది వదిన. "పనికి పోయేటప్పుడు రబ్బరు బూట్లు వేసుకుంటామక్కా. బూట్లతోనే బస్సెక్కాడేమో అనుకున్నాం. అమ్మ మీద బెంగ పెట్టుకున్నాడని మేమే..." అని ఆయన ఆ చెప్పుల వైపు చూశాడు.

మేస్త్రి నిలబడి మాట్లాడే తీరిక లేని మనిషి. నడుస్తూనే చెప్పాడు.

"ఆ పొద్దున అతను పనిలోకే రాలేదమ్మా. పూడిక సగం తీసి, సగం అట్లాగే వదిలేసి పోయాడు. చెప్పి పోవద్దా? చివరి ఫౌంటెన్ చూడండి పోయి, ఎట్లా ఏడుస్తోందో. రోజూ ఆఫీసరు చేత నాకు చీవాట్లు. దొరికితే ముందు నా దగ్గరికి పంపండి."

"ఆ సొరంగం ఒకసారి చూడొచ్చా?" అని అడిగాను.

"నీళ్లు వదిలాక ఎవరూ చూడ్డానికి లేదు. తోట చూడాలంటే టికెట్ కొనుక్కుని అందరితో పాటు పోండి."

ఆయన పోయాక పొడుగాయన తల గోక్కున్నాడు. "అక్కా, పై మేడలో నేలకు మెరుగు పెట్టే పనికి మనుషుల్ని తీసుకున్నారు ఈ మధ్య. పొడి పని, వెచ్చటి పని. అందులో చేరి, మొహం చెల్లక మాకు చెప్పలేదేమో."

"అక్కడ ఆడవాళ్లూ పనిచేస్తారా?" అంది వదిన వెంటనే.

"చేస్తారు."

వదిన నా చెయ్యి పట్టుకుని లాగింది. ఆమె కాళ్లలోకి ఎక్కడి బలమో వచ్చింది.

అట్లా మేం ఆ మేడలు చూశాం. చూడ్డానికి పోయిన వాళ్లలాగే టికెట్ కొని, గైడు వెనక గుంపుగా నిలబడి చూశాం. నేల గీసుకుపోకుండా చెప్పుల మీద గుడ్డ తొడుగులు వేసుకోమన్నారు. అడుగు వేస్తే జారుతుంది. రాజుగారి పడక, రాణిగారి అద్దం, పిల్లల ఉయ్యాల, ఒక్కో గదికీ అడ్డంగా ఎర్ర తాడు. గైడు చేతిలో గొడుగు పైకెత్తి పట్టుకుని హుషారుగా చెబుతోంది.

"ఈ రాజుగారికి మూడు మేడలండీ. ఒకటి ఎండకు, ఒకటి వానకు, మూడోది రాణిగారితో మాటల్లేని రోజులకు."

అందరూ నవ్వారు. వదిన నవ్వలేదు. "ఆ మూడోదే ముందు చూపించమ్మా" అంది. ఆమె పరిహాసం ఆడుతోందనుకుని జనం మరింత నవ్వారు.

గుంపు గదులు చూస్తోంది, మేం మనుషుల్ని చూస్తున్నాం. తలుపు పక్క నిలబడ్డ ప్రతి నౌకరునూ, బక్కెట్టు మోస్తున్న ప్రతి మనిషినీ. గైడు ఎక్కువసేపు ఎక్కడా ఆగనివ్వదు. "ముందుకు రండి, ముందుకు రండి, వెనక వాళ్లు ఉన్నారు." ఒక్కో గది దాటుతుంటే, మేం దాటిన వెంటనే అన్నయ్య ఆ గదిలోకి వచ్చి ఉంటాడేమోనని నాకు భయం. నేను వెనక్కి చూస్తూ నడిచాను. వదిన ముందుకు చూస్తూ నడిచింది.

అద్దాల హాల్లో ఒక మనిషి మోకాళ్ల మీద కూర్చుని నేల రుద్దుతున్నాడు. వీపు మా వైపు. సన్నటి వీపు. మెడ మీద జుట్టు అన్నయ్య జుట్టులాగే సుడి తిరిగి ఉంది. నాలుగు గోడల అద్దాల్లో ఆ వీపు వందల వీపులై కనిపించింది. నేను నోరు తెరిచేలోపే వదిన ఎర్ర తాడు దాటి, జారుతూ, పడబోయి నిలదొక్కుకుంటూ వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసింది.

అతను తిరిగాడు. ఎవరో.

"ఏంటమ్మా?"

"మా ఆయన అనుకున్నాను" అంది వదిన.

"నేను ఎవరి ఆయన్నీ కాదమ్మా. ఇంకా పెళ్లే కాలేదు."

హాలంతా నవ్వులు. వదిన కూడా నవ్వింది. ఆ నవ్వు అద్దాల్లో అన్ని వైపులా కనిపించింది. నేను తల దించుకున్నాను.

అన్నయ్య పోలికలు చెప్పి అడిగాం. అతను పని ఆపి, తోటివాళ్లను కేకేసి పిలిచి మరీ అడిగాడు. కొత్తగా చేరిన వాళ్లలో అట్లాంటి మనిషి లేడు. ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ పోలేదు, ఎవరితోనూ పోలేదు. వదిన ఒక్కొక్క ఆడమనిషి మొహం ఆశగా చూసింది. ఆ చూపును తప్పుగా అర్థం చేసుకుని ఒకావిడ మొహం తిప్పుకుంది.

మేడలోంచి బయటికొస్తే ఎండ, కళ్లు చెదిరే ఎండ. తోట మెట్లు మెట్లుగా కిందికి దిగుతోంది. కత్తిరించిన పొదలు, రాతి బొమ్మలు, అన్నిటి మధ్యా తెల్లగా లేస్తున్న నీళ్లు. అంత అందం నేను మళ్లీ చూడలేదు. చూడాలని కోరుకోనూ లేదు. గైడు ప్రతి ఫౌంటెనుకూ ఒక కథ చెప్పి, చివరి అంచెలో ఆగింది. అక్కడ గుండ్రటి చెరువు, నడుమ రాతి పువ్వు. మిగతావన్నీ ఆకాశంలోకి ఎగురుతుంటే, ఇది మాత్రం మూరెడు లేచి పక్కకు వాలిపోతోంది.

"ఇది అలిగిన రాణి అండీ. కొన్నాళ్లుగా లేవనంటోంది. బతిమాలుతున్నాం."

"ఇదే కాబోలు మీ అన్న వదిలేసిన పని" అంది వదిన నాతో. ఆమె గొంతులో సిగ్గుతో పాటు పంతం. "దొరకనీ. దీన్ని బాగుచేయించే కిందికి తీసుకెళ్తా. పని సగంలో వదిలేసే మనిషి కాదే ఆయన."

అని చెరువు గట్టున కూర్చుని, నీళ్లు దోసిట పట్టి మొహం కడుక్కుంది. "చల్లగా ఉన్నాయి. నువ్వూ కడుక్కో, మొహమంతా చెమట" అంది. నేనూ కడుక్కున్నాను.

బయటికి పోయే గేటు దగ్గర ఒక చెక్క అల్మారా. గొడుగులు, ఒంటి చెప్పు, పసిపిల్ల టోపీ, కళ్లజోడు. పైన రాసి ఉన్నది అలవాటు కొద్దీ పైకే చదివాను: "ఇక్కడ దొరికిన వస్తువులు."

వదిన చదవలేదు కనక నా మాట విని తలెత్తి చూసింది. చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఆ మఫ్లర్ నాది. మీ అన్నకు నేనల్లింది" అంది.

గేటు దగ్గర టికెట్లు చూసే ఆవిడ తాపీ మనిషి. "అందరూ నాదే అంటారమ్మా. గుర్తు చెప్పాలి."

"ఇటుకరంగు. ఒక కొస ఆకుపచ్చ. ఆ రంగు ఊలు చాలలేదు. ఆకుపచ్చ మొదలైన చోట లోపలివైపు ముడి ఉంటుంది."

ఆవిడ తిప్పి చూసింది. ముడి ఉంది. "మీదే, తీసుకోండి" అని నవ్వుతూ ఇచ్చింది.

వదిన దాన్ని మొహానికి ఆనించుకుంది. తర్వాత అడిగింది, "ఎక్కడ దొరికింది?"

"పైన తూము దగ్గర. నీళ్లు వదిలే చోటు. రోజూ తూము తాత వదులుతాడు. ఒకరోజు ఆయన పన్ను పీకించుకోవడానికి కిందికి పోతే, మా గేటాయన పోయి వదిలొచ్చాడు. అప్పుడు అక్కడ బోర్డు మేకుకు వేలాడుతోందట. చూడ్డానికి వచ్చిన వాళ్లెవరో మర్చిపోయారని తెచ్చి ఇక్కడ పెట్టాడు."

"ఏం బోర్డు?"

"సొరంగంలోకి దిగేవాళ్ల బోర్డు. ఒక్కొక్కడికీ ఒక మేకు, ఒక ఇత్తడి బిళ్ల. లోపలికి పోతూ బిళ్ల మేకుకు తగిలిస్తారు, బయటికొచ్చి తీసుకుంటారు. బోర్డు ఖాళీగా ఉంటేనే నీళ్లు..."

వదిన అప్పటికే నేల మీద కూర్చుని సంచి విప్పుతోంది. చొక్కాలు తీసి పక్కన పడేసింది. కోటు తీసి నా చేతికిచ్చింది. పర్సు తెరిచి బిళ్లను అరచేతిలో పెట్టి ఆవిడకు చూపించింది. బూడిదతో తోమిన బిళ్ల ఎండలో తళతళా మెరిసింది.

టికెట్లావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

ఆ మెట్లన్నీ మేం ఎట్లా ఎక్కామో నాకు గుర్తు లేదు. గుర్తున్నది ఒకటే. కిందికి దిగుతున్న జనం మాకు అడ్డం వస్తున్నారు, వదిన "జరగండి, జరగండి" అంటోంది. అరవడం లేదు. ఇంట్లో అన్నం గిన్నె తెచ్చేటప్పుడు పిల్లలతో అన్నట్టే అంటోంది.

తూము తాత స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వెనక పెద్ద ఇనుప చక్రం, పక్కన సొరంగం మూతి, దాని పక్కన బోర్డు. వదిన బిళ్ల చూపించగానే ఆ ముసలాయన లేవబోయి లేవలేక మళ్లీ కూలబడ్డాడు.

"బిళ్ల పోయిందన్నాడమ్మా. మేస్త్రికి చెబితే తిడతాడు, ఎక్కడో ఉంటుంది దొరుకుతుంది, అప్పటిదాకా మఫ్లర్ తగిలిస్తా తాతా, మఫ్లర్ ఉంటే నేను లోపలున్నట్టు, అన్నాడు. సరేలేరా అన్నాను. రోజూ చూసుకునేవాణ్ని. మఫ్లర్ తీశాకే చక్రం ముట్టుకునేవాణ్ని. నేను లేని రోజు... నేనొచ్చేసరికి మేకుకు ఏమీ లేదమ్మా. ఇంటికి పోయాడన్నారు. పోయాడనుకున్నా."

మాకు ఆ సంగతి చెప్పడానికి ఆయనకు అట్టే సేపు పట్టలేదు. ఈలోపే టికెట్లావిడ చెప్పిందేమో, తోటల ఆఫీసరు వచ్చాడు. వెనక మేస్త్రి, పొడుగాయన. ఆఫీసరు చెడ్డగా మాట్లాడలేదు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, మీ బాధ నాకు తెలుస్తోంది. కానీ కింద పెద్ద పెద్ద అతిథులున్నారు. సాయంత్రం ఎట్లాగూ మూసేస్తాం. మూయగానే మనుషుల్ని దింపుతాను. ఇన్నాళ్లయింది కదా, ఇంకో గంటకు ఏమవుతుంది?"

"ఇన్నాళ్లు నీళ్లలో ఉన్నాడయ్యా. ఇంకో గంట ఎందుకుండాలి?" అంది వదిన.

మేస్త్రి, "అసలు లోపలున్నాడని రుజువేంటి? ఉత్త అనుమానానికి..." అని ఏదో అనబోయాడు. పొడుగాయన ఆయన భుజం పట్టుకుని వెనక్కి నెట్టాడు. వదిన ఇదేమీ వినలేదు. పోయి చక్రం పట్టుకుని తిప్పబోయింది. అది కదల్లేదు. ఒళ్లంతా వేసి లాగింది. చేతులు జారాయి. నేనూ పట్టుకున్నాను. అప్పుడు తూము తాత లేచాడు. "అటు కాదమ్మా, ఇటు" అని ఆమె చేతుల పక్కన తన చేతులు వేశాడు.

చక్రం తిరిగింది. సొరంగంలో హోరు తగ్గింది.

అక్కడినుంచి తోట అంతా కనిపిస్తుంది. పై అంచెలో ఫౌంటెన్లు ముందు కుంగాయి, తర్వాత దాని కిందివి, ఆ తర్వాత ఇంకా కిందివి. వరసగా, ఒక్కొక్కటీ. అది కూడా వేడుకలో భాగమే అనుకున్నారేమో, జనం చప్పట్లు కొట్టారు.

పొడుగాయన తన బిళ్ల తీసి మేకుకు తగిలించాడు. మేస్త్రి కూడా తన బిళ్ల తగిలించాడు. వదిన వెళ్లి పదిహేడో మేకు ఏదని నన్ను అడిగింది. చూపించాను. ఆమె బిళ్ల తగిలించి, అది ఊగడం ఆగేదాకా వేలితో పట్టుకుంది.

"ఇప్పుడు లోపలున్నట్టు లెక్క" అంది.

ఆ సొరంగం పొడుగాయనకు బాగా ఇరుకు. పడుకుని పాకాలి. వాళ్లు లోపల ఎంతసేపున్నారో నాకు తెలియదు. వదిన కోటును ఒళ్లో పరుచుకుని, కొత్త అస్తరును అరచేత్తో సాపు చేస్తూ కూర్చుంది. చివరికి పొడుగాయన ఒక్కడే బయటికొచ్చాడు. మోచేతులు చీరుకుపోయి ఉన్నాయి. చెయ్యి చాచాడు. చేతిలో ఆయన టార్చిలైటు ఉంది.

అన్నయ్యను బయటికి తెచ్చాక నన్ను చూడనివ్వలేదు వదిన. అందర్నీ పక్కకు పొమ్మని, తనే కోటు తొడిగింది. ఎంతసేపటికో నన్ను పిలిచి, "బొత్తాలు పెట్టు. కాజాలు నీవేగా" అంది. వెళ్లాను. అన్నయ్య మొహం మీద మఫ్లర్ కప్పి ఉంది. నా వేళ్లు పట్టు దొరక్క జారిపోయాయి. ఒక్కటి కూడా పెట్టలేకపోయాను. ఆమే పెట్టింది, కింది నుంచి పై దాకా.

ఆ కొండ మీదే సాగనంపాం. ఆ స్థితిలో కిందికి తీసుకుపోవడానికి వీల్లేదన్నారు.

మర్నాడు పొద్దున సంచి నేనే సర్దాను. దువ్వెన, రెండు చొక్కాలు, తువ్వాలు. కోటు లేదు కనక సంచి సగం ఖాళీ. బస్సు వేళకు వదిన కనిపించలేదు. తూము దగ్గర ఉంది. బోర్డు కింద నేల మీద కూర్చుంది. పొడుగాయన బిళ్లా మేస్త్రి బిళ్లా తీసేసుకున్నారు. పదిహేడు మాత్రం అట్లాగే ఉంది. దాన్ని తీయడానికి మేస్త్రి చెయ్యెత్తాడట. "బయటికొచ్చిన వాడే తీసుకోవాలి కదా, ముట్టుకోకండి" అందట. బోర్డు మీద బిళ్ల ఉండగా చక్రం తిప్పనని తూము తాత అన్నాడు. ఆ రోజు తోటలో నీళ్లు లేవలేదు.

"వదినా, బస్సు" అన్నాను.

"నువ్వు పో. అమ్మ ఒక్కతే ఉంది."

"నువ్వు?"

"బిళ్ల ఉందిగా."

"అన్నయ్య లేడు వదినా. బయటికి తెచ్చారు. మనమే కదా..."

"తెలుసే." ఆమె నా చెంప మీద చెయ్యి వేసింది. చెయ్యి చల్లగా ఉంది. "ఎవడన్నా మళ్లీ మేకుకు మఫ్లర్ తగిలించి దిగుతాడు. నాకు తెలుసు, మగాళ్లంతా ఒకటే. ఒక నాలుగు రోజులు చూసి వెనక బస్సుకొస్తా."

రెండు చేతులూ పట్టుకుని లాగాను. ఏడ్చాను. అమ్మ పేరు చెప్పి ఒట్టు పెట్టాను. ఆమె నా వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది, కుట్లు విప్పినట్టు, గుడ్డ చిరగకుండా. డ్రైవరు కిందినుంచి హారను కొట్టాడు.

అమ్మ గడప దగ్గరే కూర్చుని ఉంది. వంగి నా వెనక్కి చూసింది. ఒకరి కోసం చూసి, మళ్లీ ఇంకొకరి కోసం చూసింది. "వదిన ఏదే?" అంది ముందు. అన్నయ్య గురించి అడగడానికి ఆమెకు ఆ రాత్రి దాకా నోరు రాలేదు.

డ్రైవరు అప్పుడప్పుడు కబురు చెప్పేవాడు. తెల్లవారగానే ఆమె బోర్డు దగ్గర కూర్చుంటుందట. దిగే ప్రతివాడి బిళ్లా తన చేత్తో తగిలిస్తుందట, పైకొచ్చిన వాడి మొహం చూసి తన చేత్తో ఇస్తుందట. పదిహేడో మేకును ఎవరికీ ఇవ్వనివ్వలేదట. అది తగిలే ఉంటుంది, అది కాక మిగతావి ఖాళీ అయితే నీళ్లు వదలమంటుందట. నేను రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ టీ ఇచ్చింది, నా జడ వేసింది, బస్సు దాకా వచ్చింది. ఎక్కలేదు.

వానలు మొదలయ్యాక ఒకరోజు డ్రైవరు కిటికీలోంచి, "మిషను పంపమందమ్మా" అన్నాడు. అమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. అప్పటిదాకా మేం ఆమె పక్కగుడ్డలు దులిపి వేస్తూనే ఉన్నాం. మిషనుకు నూనె వేసి, గోనె చుట్టి, బస్సు మీదికి ఎక్కించాం.

మా అన్నయ్య ఆ ఏడు వేసవి మొదట్లో వెళ్లాడు. తిరిగి రాలేదు. మా వదిన అదే వేసవి నడిమధ్యలో నాతో కలిసి వెళ్లింది. తిరిగి రాలేదు.